వాటర్ స్కీయర్ చెవికి వైర్‌లెస్ కడితే

వాటర్ స్కీయింగ్‌లో పడవకి కట్టే తాడు మామూలుగా 23 మీటర్లు ఉంటుంది. పోటీల్లో ఆరితేరినవాళ్ళు దాన్ని ఇంకా కురచ చేసుకుంటూ పోతారు. పడవ నడిపే డ్రైవరూ, తాడు పట్టుకుని వెనక నీటి మీద జారే స్కీయరూ ఇంత దగ్గర్లో ఉన్నా ఒకరి మాట ఒకరికి వినిపించదు. 1922లో అమెరికాలోని మిన్నెసోటాలో, పెపిన్ సరస్సు మీద రాల్ఫ్ శామ్యుల్సన్ అనే 18 ఏళ్ళ కుర్రాడు తన సోదరుడి పడవ వెనక కొయ్య పలకల మీద మొదటిసారి నిలబడ్డాడు. వందేళ్ళు దాటినా స్కీయర్‌కీ డ్రైవర్‌కీ మధ్య సంభాషణ చాలావరకు చేతి సైగలతోనే నడుస్తోంది.

బైకుల మీద వెళ్ళేవాళ్ళు హెల్మెట్‌లో ఇంటర్‌కామ్ పెట్టుకుని కిలోమీటరు దూరంలో ఉన్నవాళ్ళతో కబుర్లాడుకుంటున్నారు కదా, ఈ 23 మీటర్లకి ఏమొచ్చిందని ఎవరికైనా అనిపిస్తుంది. నిజానికి దూరం ఇక్కడ సమస్యే కాదు. మామూలు బ్లూటూత్‌లో తక్కువ శక్తి రకం 10 మీటర్లకీ, ఎక్కువ శక్తి రకం 100 మీటర్లకీ పనికొస్తాయి. తాడు బిగుతుగా ఉండి స్కీయర్ నిలబడి సాగుతున్నంతసేపూ రేడియోకి ఏ ఇబ్బందీ లేదు. చిక్కంతా స్కీయర్ పడిపోయినప్పుడు వస్తుంది. మాట అన్నిటికంటే ఎక్కువ అవసరమయ్యేది ఆ క్షణంలోనే, రేడియో మొరాయించేదీ ఆ క్షణంలోనే. ఈ రంగంలో వచ్చిన పరికరాలని అంచనా వేయాలంటే ముందు ఈ సంగతి పట్టుకోవాలి.

అసలు వీళ్ళిద్దరూ చెప్పుకోవాల్సినవి ఎన్ని? లెక్క పెడితే పదికి మించవు. బొటనవేలు పైకి చూపిస్తే వేగం పెంచమని, కిందకి చూపిస్తే తగ్గించమని. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుడితే ఈ వేగం బాగుందని. అరచేతిని మెడ దగ్గర అడ్డంగా ఆడిస్తే ఇంజన్ ఆపమని. నెత్తి మీద తట్టుకుంటే ఒడ్డుకి పోదామని. పడిపోయాక చెయ్యి పైకెత్తినా, రెండు చేతులూ తల మీద కలిపినా "నాకేం కాలేదు" అని అర్థం. పడిన మనిషి నుంచి ఏ సైగా రాకపోతే దెబ్బ తగిలిందనే అనుకుని పడవ తిప్పాలి. ఈ చివరి నియమం అన్నిటికన్నా తెలివైనదని నా అభిప్రాయం. మౌనానికి కూడా ముందే ఒక అర్థం పెట్టుకున్నారు. బ్యాటరీ అక్కర్లేదు, తడిసినా పాడవదు.

అయితే సైగలకీ పరిమితులున్నాయి. స్లాలమ్ అంటే నీటి మీద తేలే బంతుల చుట్టూ అటూ ఇటూ మలుపులు తిరిగే పోటీ; ఆ కోర్సులో బంతులు దాటుతున్న స్కీయర్ చెయ్యి వదల్లేడు. కొత్తగా నేర్చుకునేవాడికి చెయ్యి వదిలే ధైర్యం ఉండదు. పడవలో ఉన్న కోచ్ "మోకాళ్ళు వంచు, చేతులు చాపి ఉంచు, నువ్వు లేవకు, పడవే నిన్ను లేపుతుంది" అని చెప్పాలనుకుంటాడు. దానికి సైగ ఎక్కడుంది? స్కీయర్ నీళ్ళల్లో కూర్చుని సిద్ధంగా ఉన్నప్పుడు ఇంజన్ మెల్లగా తిరుగుతుంటుంది కాబట్టి "హిట్ ఇట్" (ఇక లాగు) అని అరిస్తే డ్రైవర్‌కి వినిపిస్తుంది. థ్రాటిల్ నొక్కాక ఇంజన్ మోత, గాలి, నీటి హోరు కలిసి మాటని మింగేస్తాయి. తప్పులు జరిగేది సరిగ్గా ఆ తర్వాత రెండు మూడు సెకన్లలో. అందుకే వైర్‌లెస్ కావాలనే కోరిక న్యాయమైనదే.

ఇక పరికరం ఎక్కడ పెట్టాలన్న దగ్గరే మొదటి ముడి పడుతుంది.

బైకర్‌కి హెల్మెట్ ఉంటుంది. జంప్ చేసే వాటర్ స్కీయర్లు కూడా హెల్మెట్ పెట్టుకుంటారు. స్లాలమ్ చేసేవాళ్ళలో, సరదాగా స్కీ చేసేవాళ్ళలో చాలామంది పెట్టుకోరు. వదులుగా ఉన్న హెల్మెట్ వేగంగా నీళ్ళల్లో పడ్డప్పుడు నీటిని పట్టేసి మెడని వెనక్కి లాగుతుందన్న భయం ఒకటుంది. చెవిలో దూర్చే ఇయర్‌ఫోన్ ఇంకా ప్రమాదం. చెవి పక్కగా నీటికి తగిలితే కర్ణభేరి చిల్లు పడటం ఈ ఆటలో తెలిసిన గాయమే. ఆ చెవిలో ఒక ప్లాస్టిక్ ముక్క కూడా ఉంటే ఏమవుతుందో వేరే చెప్పాలా? అందుకని చెంప ఎముక ద్వారా శబ్దాన్ని పంపే బోన్ కండక్షన్ హెడ్‌సెట్లు కొంత నయం. చెవి ఖాళీగా ఉంటుంది, చెవిలోకి నీళ్ళు పోయినా మాట అందుతుంది. గొంతుకి పట్టీ కట్టి ఆనించే మైకులు గాలి మోతని బాగా వడగడతాయి గానీ, మీటర్ల కొద్దీ తాడు ఉన్న ఆటలో మెడ చుట్టూ ఏదైనా కట్టుకోవడం నాకైతే నచ్చదు.

మైకు కష్టాలు వేరే ఉన్నాయి. గంటకి 58 కిలోమీటర్లు అంటే పురుషుల స్లాలమ్‌లో పడవకి ఉండే గరిష్ఠ వేగం. ఆ గాలికి మైకులో ముందు వినిపించేది హోరు. మాట వినగానే దానంతట అదే తెరుచుకునే మైకు పెడితే నీటి తుంపర తగిలినా తెరుచుకుంటుంది. బటన్ నొక్కి మాట్లాడే వాకీటాకీ పెడదామంటే రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉన్నాయి. మైకు పైన ఉండే పల్చటి పొర మీద ఒక్క నీటి బొట్టు నిలిచినా గొంతు దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు వస్తుంది. ఇన్ని చూశాక చాలామంది కోచ్‌లు వన్‌వేకే సరిపెట్టుకుంటారు. పడవలో మైకు, స్కీయర్ దగ్గర వినే పరికరం. తిరుగు జవాబు చేతి సైగే.

నీళ్ళు తగిలినా పాడవదని పెట్టె మీద రాసే మాటని కూడా కాస్త విప్పి చూడాలి. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీటిలో అరగంట ఉంచినా లోపలికి నీరు పోదని. అది కదలని నీటిలో చేసే పరీక్ష. గంటకి 58 కిలోమీటర్లంటే సెకనుకి 16 మీటర్లు. ఆ వేగంతో నీటికి ఎదురుగా గుద్దుకుంటే పడే ఒత్తిడి, స్కూల్ ఫిజిక్స్ సూత్రంతో లెక్క కట్టినా, సుమారు 13 మీటర్ల లోతులో ఉండే నీటి ఒత్తిడికి సమానం. అది సెకనులో వెయ్యో వంతు సేపే ఉండొచ్చు, కానీ ఛార్జింగ్ రంధ్రం మూత ఊడటానికి అది చాలు. వాష్‌బేసిన్‌లో ముంచి చూసి "పర్లేదు, పనిచేస్తోంది" అనుకున్న పరికరం సరస్సులో చచ్చిపోవడానికి ఇదొక కారణం.

ఇప్పుడు అసలు ముడి: నీళ్ళల్లో రేడియో.

బ్లూటూత్, వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలని నీరు ఆబగా పీల్చుకుంటుంది. మంచినీటిలో ప్రతి సెంటీమీటరుకీ సుమారు 2.5 డెసిబెల్ పోతుంది. అంటే 4 సెంటీమీటర్ల నీటి పొర దాటేసరికి శక్తిలో పదో వంతు మిగులుతుంది, 12 సెంటీమీటర్లకి వెయ్యో వంతు. సముద్రపు నీరయితే ఉప్పు వల్ల ఒక్క సెంటీమీటరుకే పదో వంతుకి పడిపోతుంది. మనిషి ఒళ్ళు కూడా చాలావరకు నీరే కాబట్టి తల అడ్డొచ్చినా ఇదే గొడవ. స్కీయర్ నిలబడి పడవకి ఎదురుగా ఉన్నప్పుడు లైఫ్ జాకెట్ ముందు భాగంలో ఉన్న యాంటెన్నాకి అంతా అనుకూలం. పడిపోయాక అదే జాకెట్ సగం నీటిలో, మనిషి ఏ వైపు తిరిగి ఉన్నాడో తెలియదు. పడవ మాత్రం ఆగలేదు. డ్రైవర్ 5 సెకన్లు గమనించకపోతే 80 మీటర్లు ముందుకి పోయి ఉంటుంది. 20 మీటర్ల కోసం కొన్న రేడియోకి ఇప్పుడు నాలుగింతల దూరం, పైగా మధ్యలో నీరు.

తక్కువ ఫ్రీక్వెన్సీకి మారితే? సరస్సుల్లో చాలా మేలు. వాకీటాకీలు వాడే 446 మెగాహెర్ట్జ్ దగ్గర మంచినీటిలో 10 సెంటీమీటర్లకి పోయేది నాలుగు డెసిబెల్ లోపే. సముద్రంలో మాత్రం అక్కడ కూడా సెంటీమీటరుకి 5 డెసిబెల్ పైనే పోతుంది కాబట్టి ఒరిగేది పెద్దగా లేదు. ఇంకో ఇబ్బంది యాంటెన్నా సైజు. 2.4 గిగాహెర్ట్జ్‌కి 3 సెంటీమీటర్ల ముక్క చాలు, 446కి 17 సెంటీమీటర్లు కావాలి. నీళ్ళల్లో గుద్దుకునే ఒంటి మీద జానెడు పుల్ల పెట్టుకుని తిరగలేం. జాకెట్‌లో కుట్టేస్తే తడి బట్ట ఆనుకుని దాని ట్యూనింగ్ చెడుతుంది.

మన పాఠకుల కోసం ఇక్కడ ఒక మాట. డాలస్, అట్లాంటా చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు వేసవిలో పడవ అద్దెకి తీసుకుని సరస్సుల మీదకి వెళ్తుంటాయి. అక్కడ దుకాణాల్లో దొరికే చిన్న వాకీటాకీలు 462, 467 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. సెలవులకి వస్తూ వాటిని ఇండియాకి తెచ్చి వాడితే చిక్కే, ఎందుకంటే ఇక్కడ లైసెన్స్ లేకుండా తక్కువ శక్తి వాకీటాకీలకి వదిలినవి 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ వరకే.

నీరు రేడియోని మింగేయడాన్ని శాపంగానే చూడక్కర్లేదని చూపించినవి వైర్‌లెస్ ఇంజన్ కట్-ఆఫ్ స్విచ్‌లు. నార్వే కంపెనీ ఫెల్ మెరీన్ చేసే మాబ్ ప్లస్ వీటిలో పేరున్నది. డ్రైవర్ ఒంటి మీద చిన్న బిళ్ళ ఒకటి ఉంటుంది, అది పడవలోని యూనిట్‌తో ఎడతెగకుండా మాట్లాడుతూ ఉంటుంది. మనిషి నీళ్ళల్లో పడగానే సిగ్నల్ తెగుతుంది, తెగగానే ఇంజన్ ఆగిపోతుంది. 2021 ఏప్రిల్ 1 నుంచి అమెరికాలో 26 అడుగుల లోపు మోటారు పడవల్లో చాలావాటికి డ్రైవర్ కట్-ఆఫ్ వాడటం తప్పనిసరి అయింది, ఆ పనికి వైర్‌లెస్ రకం కూడా చెల్లుతుంది. పడిన మనిషి సిగ్నల్ పంపలేడన్న నిజం మీదే మొత్తం యంత్రాన్ని నిలబెట్టారు. చేతి సైగల్లోని మౌనం నియమం గుర్తుందా, ఇది దానికి ఎలక్ట్రానిక్ రూపం.

మరి ఇదే బిళ్ళ స్కీయర్‌కి తగిలిస్తే సరిపోదా? సరిపోదు, దీని కారణాలు ఆలోచిస్తే ఆట లోతు తెలుస్తుంది. స్కీయర్ పడినప్పుడు ఇంజన్ ఆగకూడదు. పడవ వెంటనే తిరిగి అతని దగ్గరికి రావాలి, వెనక వచ్చే ఇతర పడవలకి అడ్డుగా నిలవాలి. కాబట్టి కావలసింది హెచ్చరిక మాత్రమే. అది మోగడానికీ ఇబ్బందే: స్కీయర్ బయల్దేరేది మెడ దాకా నీళ్ళల్లో కూర్చుని. అంటే ఆట మొదలయ్యే ముందే సిగ్నల్ ఉండదు. గట్టిగా మలుపు తిరిగితే ఎగిసే నీటి గోడలో కూడా తెగుతుంది. ప్రతిసారీ ఉత్తుత్తి అలారం మోగే యంత్రాన్ని మూడో రోజుకి ఆపేసి పక్కన పడేస్తారు. పడిపోవడాన్ని పట్టుకోవాలంటే రేడియో కంటే తాడు నయం. పడవలో తాడు కట్టే స్తంభం (పైలాన్) దగ్గర బిగువుని కొలిచే సెన్సర్ పెడితే, మనిషి హ్యాండిల్ వదిలిన క్షణం తెలిసిపోతుంది. స్లాలమ్ మలుపుల్లో తాడు ఒక్క క్షణం వదులవుతుంది కాబట్టి అర సెకనో సెకనో ఆగి నిర్ణయం తీసుకోవాలి, అంతే. వైర్‌లెస్ అక్కర్లేకుండా, స్కీయర్ ఒంటి మీద ఏమీ లేకుండా పని జరుగుతుంది.

ఆలస్యం గురించి తయారీదార్లు పెద్దగా మాట్లాడరు. పాటలు వినే తరహా బ్లూటూత్‌లో మాట మైకు నుంచి చెవికి చేరడానికి 0.1 నుంచి 0.2 సెకన్లు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ పడుతుంది. 20 మీటర్లు గాలిలో నడిచొచ్చే శబ్దానికి పట్టేది 0.06 సెకను. అంటే వినిపించే మాటే గనక ఉంటే అరుపు బ్లూటూత్ కంటే ముందు చేరుతుంది! 0.2 సెకన్లలో పడవ 3 మీటర్లు దాటిపోతుంది. స్లాలమ్ కోర్సు పొడవు 259 మీటర్లు, బంతికీ బంతికీ మధ్య 41 మీటర్లు, గరిష్ఠ వేగంలో ఆ దూరానికి రెండున్నర సెకన్లు. కోచ్ చూడాలి, అనాలి, అది చేరాలి, స్కీయర్ అర్థం చేసుకుని ఒళ్ళు కదపాలి. "ఇప్పుడు తిరుగు" అన్న మాట అందేసరికి తిరగాల్సిన చోటు వెనకబడిపోతుంది. కోర్సు మధ్యలో చెవిలో సూచనలు పోయడం వల్ల ఉపయోగం కంటే కంగారే ఎక్కువన్నది నా నమ్మకం. కోర్సు చివర పడవ ఆగినప్పుడు రెండు మాటలు చెబితే చాలు, దానికి రేడియో ఎందుకు?

దీనికి భిన్నంగా, తక్కువ పరిజ్ఞానంతోనే బాగా పనిచేసే పద్ధతులున్నాయి. కొత్తవాళ్ళకి, పలకలు లేకుండా ఒట్టి కాళ్ళతో స్కీ చేసేవాళ్ళకి నేర్పడానికి పడవ పక్కకి అడ్డంగా ఒక గట్టి గొట్టం బిగిస్తారు, దాన్ని బూమ్ అంటారు. నేర్చుకునేవాడు దాన్ని పట్టుకుని పడవ పక్కనే సాగుతాడు. కోచ్ అతని మొహం చూస్తూ నేరుగా మాట్లాడతాడు. ఒకే పలక మీద నిలబడి సాగే వేక్‌బోర్డింగ్ పడవల్లో పైన ఉండే టవర్‌కి వెనక్కి తిరిగి ఉన్న పెద్ద స్పీకర్లు పెడతారు. పాటల కోసం పెట్టినా, వాటికి మైకు తగిలిస్తే రైడర్‌కి మాట చేరుతుంది, అతని ఒంటి మీద ఏ పరికరమూ ఉండక్కర్లేదు. ఒడ్డున చేపలు పట్టుకునేవాళ్ళకి కూడా వినిపిస్తుందనుకోండి, అది వేరే తగువు.

శబ్దాన్ని అన్నిటికంటే తెలివిగా వాడుకున్నది చూపులేని స్కీయర్ల స్లాలమ్. దివ్యాంగుల వాటర్ స్కీ పోటీల్లో వాళ్ళకి ప్రత్యేక విభాగం ఉంది. బంతులు కనపడవు కాబట్టి బంతులే ఉండవు. పడవ మీది పరికరం తాడు ఎంత కోణంలో పక్కకి జరిగిందో గమనిస్తూ ఉంటుంది. స్కీయర్ కావలసినంత పక్కకి వెళ్ళగానే శబ్దం చేస్తుంది. అది విని అతను రెండో వైపుకి తిరుగుతాడు. పొడుగు మాటలు లేవు, గుర్తుపట్టాల్సిన గొంతు లేదు. హోరులో కూడా పోల్చుకోగల ఒక్క కూత, కొలిచేది మనిషి కాక యంత్రం కాబట్టి కోచ్ ఆలోచించే ఆలస్యం కూడా లేదు. స్కీయర్‌కి ఏం తెలియాలి అన్న ప్రశ్న నుంచి మొదలుపెట్టి కట్టిన పద్ధతి ఇది. చెవిలో హెడ్‌సెట్ పెట్టి "కుడికి, ఇంకా కుడికి" అని చెప్పే దారి పట్టి ఉంటే ఇంత బాగా కుదిరేది కాదు.

నిజమైన వైర్‌లెస్ కుదిరిన చోటు వేక్‌సర్ఫింగ్. అందులో మనిషి పడవకి కొద్ది మీటర్ల వెనకే, పడవ లేపిన అల మీద, తాడు వదిలేసి సాగుతాడు. వేగం తక్కువ, చేతులు ఖాళీ. అమెరికన్ పడవల కంపెనీ మాలిబు మణికట్టుకి కట్టుకునే సర్ఫ్ బ్యాండ్ అనే రిమోట్ ఇస్తోంది. దాంతో అల ఎడమ వైపు లేవాలా కుడి వైపు లేవాలా అన్నది సర్ఫర్ స్వయంగా మార్చుకోవచ్చు. డ్రైవర్‌ని అడిగే పని లేదు. మాటకి బదులు బటన్, రెండు దిక్కులకి బదులు ఒకే దిక్కు.

స్కీయింగ్‌లో కూడా పోటీల దాకా చూస్తే వేగం గురించిన సైగల అవసరం దాదాపు తీరిపోయింది. జీరో ఆఫ్, పర్ఫెక్ట్‌పాస్ లాంటి జీపీఎస్ ఆధారిత వ్యవస్థలు పడవ వేగాన్ని వాటంతట అవే నిలబెడతాయి, స్కీయర్ బలంగా లాగినప్పుడు తగ్గకుండా చూస్తాయి. డ్రైవర్‌తో చెప్పుకోవాల్సిన సంగతులే కొన్ని తగ్గాయన్నమాట.

చట్టాలు మాత్రం మాటల గురించి అడగవు. కాలిఫోర్నియాలో స్కీయర్‌ని లాగే పడవలో డ్రైవర్ కాక, వెనక్కి చూస్తూ ఉండటానికి 12 ఏళ్ళు నిండిన ఇంకో మనిషి ఉండాలి. స్కీయర్ నీళ్ళల్లో ఉన్నప్పుడు ఎర్రటి లేదా నారింజ రంగు జెండా ఎత్తాలి. టెక్సాస్‌లో 13 ఏళ్ళు నిండిన మనిషైనా ఉండాలి, లేదా వెనక్కి చూసే అద్దమైనా ఉండాలి. రెండు చోట్లా కావలసింది స్కీయర్ మీద ఉండే చూపు. హెడ్‌సెట్ ఉంది కదా అని ఆ మనిషిని ఒడ్డున దింపేసి ఇంకో స్నేహితుణ్ణి స్కీ మీద ఎక్కిద్దామనుకోవడం చట్టరీత్యానే కాదు, పైన చెప్పిన ఫిజిక్స్ రీత్యా కూడా తప్పు.

అయినా కొనాలనుకునేవాళ్ళు ఉంటారు, కొత్తవాళ్ళకి నేర్పేవాళ్ళకి అది దండగ కాదు కూడా. బీబీటాకిన్ లాంటి నీటి ఆటల ఇంటర్‌కామ్‌లు దొరుకుతున్నాయి. వేగం తక్కువగా ఉండే మొదటి పాఠాల్లో, నీళ్ళల్లో కూర్చుని భయపడుతున్న పిల్లాడికి పడవలోంచి మెల్లగా ధైర్యం చెప్పడానికి అవి బాగుంటాయి. కొనేటప్పుడు దూరం ఎంత అని అడగకండి, పెట్టె మీద ఎలాగూ వందల మీటర్లు రాసి ఉంటుంది. ఎంత లోతుకి పరీక్షించారు, సిగ్నల్ తెగాక మళ్ళీ తనంతట తను కలుపుకోవడానికి ఎన్ని సెకన్లు పడుతుంది, పట్టీ గట్టిగా లాగితే ఊడివస్తుందా అని అడగండి. ఊడిరాని పట్టీ ఉన్నది ఎంత ఖరీదైనదైనా వద్దు. సరస్సుకి వెళ్ళాక, పడవ ఆపి ఉంచి, జాకెట్ వేసుకున్న మనిషిని నీళ్ళల్లో దింపి వెల్లకిలా, బోర్లా తిరగమనండి, పడవలో ఒకరు మాట్లాడుతూ ఉండండి. ఎక్కడ మాట తెగిందో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. పడ్డాక చెయ్యి ఎత్తాలన్న నియమాన్ని ఆ హెడ్‌సెట్ పెట్టుకున్నవాడికి కూడా బయల్దేరే ముందే చెప్పి ఉంచండి.